గడ్డి కూడా ఖాళీయేనట

"మీరు పెట్టెను నింపారు, వస్తువును పట్టుకోలేదు" అని అట్టపెట్టెలు రూపొందించే మా కంపెనీ నమూనాల గదిలో ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న పెద్దాయన నాతో అన్ననాటికి నేను జర్మనీ వచ్చి నాలుగు నెలలు కూడా నిండలేదు. ఆయన గొంతు పెంచలేదు, ముఖం చిట్లించలేదు. నేను రెండు రోజులపాటు కోసి మడిచి తయారుచేసిన పెట్టెను ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, లోపలి నుంచి ఏ చప్పుడూ రాకపోయినా తల అడ్డంగా ఊపి, ఆ ఒక్క మాట చెప్పి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

జర్మన్ భాషలోనూ మనకున్నట్టే నువ్వు, మీరు అనే తేడా ఉంది. ఆయన నన్ను మందలించింది మీరు అంటూనే. మా ఉలవపాడులో తప్పు చేసిన పిల్లను పెద్దవాళ్ళు "ఏందమ్మా ఇది, కళ్ళు యాడ బెట్టుకున్నావు" అని నాలుగు మాటలు అంటారు, పది నిమిషాల తర్వాత వాళ్ళే పిలిచి మజ్జిగ ఇస్తారు. తిట్టుకూ మజ్జిగకూ మధ్య ఉన్న చనువులో ఆ మాట కరిగిపోతుంది. ఇక్కడ మాట మర్యాదగా వచ్చింది, మర్యాదగానే నిలిచిపోయింది, దాన్ని కరిగించడానికి ఎవరూ రాలేదు. ఆ రాత్రంతా నేను ఆయనతో మనసులో వాదించాను. ఆరేళ్ళయినా ఆ వాదన పూర్తిగా తెగలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

మేము చేసే పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. కంపెనీలు తమ వస్తువును మా దగ్గరికి పంపుతాయి. దాన్ని కొలిచి, ఒక ముడతల అట్ట షీటును ఎక్కడ కోసి ఎక్కడ మడిస్తే ఆ వస్తువు పెట్టెలో కదలకుండా నిలుస్తుందో గీసి ఇస్తాం. థర్మోకోల్ వాడకూడదు, వీలైనంతవరకు జిగురు కూడా వాడకూడదు, కొన్నవాడు పెట్టె విప్పాక మొత్తాన్ని మడిచి కాగితాల కోసం ఉన్న నీలం డబ్బాలో వేసేయగలగాలి. ఆనాడు నాకు ఇచ్చింది మూడు కిలోల ఇత్తడి పంపు. దాని పక్కన, లోపల ద్రవం ఎంతవరకు ఉందో కనిపించేందుకు, వేలెడు పొడవున్న గాజు గొట్టం ఒకటి బయటికి పొడుచుకుని ఉంది. పగిలేది గాజే కాబట్టి నా శ్రద్ధంతా దాని మీద పెట్టాను. దాని చుట్టూ అట్టను మూడు మడతలు వేసి, పసిబిడ్డకు పొత్తిగుడ్డ చుట్టినట్టు చుట్టి, మిగిలిన చోటంతా అట్ట మడతలతోనే బిగించాను. పెట్టె ఆడిస్తే చప్పుడు రాలేదంటే కారణం అదే.

మరునాడు ఆ పెట్టెను పడవేసే పరీక్షకు పంపారు. పార్సిల్ పెట్టెలకు ఇస్టా అనే సంస్థ పెట్టిన పద్ధతుల్లో అన్నిటికన్నా మొదటిది 1ఎ. తేలికపాటి పెట్టెను 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదిసార్లు వదులుతారు. ముందు ఒక మూల మీద, తర్వాత ఆ మూల దగ్గర కలిసే మూడు అంచుల మీద, చివరికి ఆరు ముఖాల మీద. నా పెట్టె మూల మీద నిలిచింది, పొట్టి అంచు మీద నిలిచింది, దాని తర్వాతి అంచు మీద కూడా నిలిచింది. నాలుగోసారి, పొడవైన అంచు మీద పడినప్పుడు, లోపల గాజు పలికింది. నేను ఎంతో జాగ్రత్తగా చుట్టిన చోటే అది విరిగింది.

అప్పుడు పెద్దాయన నా పక్కన నిలబడి, "బలమున్నచోట పట్టుకోండి, బలం లేనిచోటును గాలికి వదిలేయండి" అన్నారు. వినడానికి క్రూరంగా తోచిన ఆ మాట లెక్కకు మాత్రం సరిగ్గా నిలుస్తుంది. పెట్టె నేలను తాకగానే పెట్టె ఆగుతుంది, లోపలి వస్తువు ఆగదు. దాన్ని ఆపవలసింది అట్ట ఎక్కడెక్కడ దాన్ని తాకి ఉందో ఆ చోట్లే. నేను గాజును చుట్టినందువల్ల మూడు కిలోల ఇత్తడి వేగమంతా గాజు మీదుగానే అట్టకు చేరవలసి వచ్చింది. ఇత్తడి మెడను గట్టిగా పట్టుకుని గాజు చుట్టూ రెండు వేళ్ళ ఖాళీ వదిలి ఉంటే, గాజు మోయవలసింది తన సొంత బరువును మాత్రమే. నేను దానికి దిండు పెట్టాననుకున్నాను, నిజానికి బరువు మోయించాను.

ఇది అర్థమయ్యాక కూడా నా మనసు ఒప్పుకోలేదు. ఎందుకంటే ఆయన కొట్టివేసింది నా పెట్టెను ఒక్కదాన్నే కాదని నాకు తోచింది. సింగరాయకొండ దాటి కావలి వైపు వస్తుంటే రోడ్డు పక్కన మామిడికాయలు పేర్చుకుని కూర్చునే ఊరు మాది, చాలాకాలం ప్రకాశం జిల్లాలో ఉండి 2022లో నెల్లూరు జిల్లాలో కలిసిన ఊరు. మా నాన్న కాయలు కట్టడం చూస్తూ పెరిగినదాన్ని. గంప అడుగున వరిగడ్డి, దాని మీద ఒక వరుస కాయలు, మళ్ళీ గడ్డి, మళ్ళీ కాయలు, అంచుల వెంట గడ్డిని వేళ్ళతో కుక్కుతూ, చివరికి గంప నోటికి పైన కుప్పగా లేచేంత గడ్డి పెట్టి, గోతం కప్పి పురికొసతో కుట్టేవారు. పైన అంత గడ్డి ఎందుకు నాన్నా అని అడిగితే, మద్రాసు చేరేలోపు లారీ కుదుపులకు జానెడు దిగుతుందమ్మా, దిగాక గంప నోటికి సమంగా ఉండాలి అనేవారు. కుదుపులకు పూరకం అడుక్కి దిగిపోతుందని, అప్పుడు వస్తువుకు కదిలే చోటు దొరుకుతుందని నేను ఇక్కడ పాఠంగా నేర్చుకున్నాను. మా నాన్న ఆ దిగుబాటును ముందే లెక్కకట్టి పైన పెట్టేవారు. మన ఇళ్ళలో ఆవకాయ జాడీని సూట్‌కేసులో పెట్టేటప్పుడు చుట్టూ పాత చీరలు, తువ్వాళ్ళు కుక్కడం కూడా అదే విద్య. కుక్కడం తెలియనితనమని ఎవరైనా అంటే నేను ఈనాటికీ ఒప్పుకోను.

పరీక్ష మర్నాటి పొద్దున నా బల్ల మీద అదే రకం పంపు మరొకటి ఒక అట్ట అమరికలో కూర్చుని ఉంది. చీటీ లేదు, మాట లేదు. ఆయన భోజన విరామంలో చేసి ఉంటారు, ఎందుకంటే ఇక్కడ పని వేళ ముగిశాక ఎవరూ ఒక్క నిమిషం ఆగరు. నేను దాన్ని విప్పి చూశాను. ఒకే షీటు. జిగురు చుక్క లేదు. ఎదురెదురుగా లేచే రెండు గోడల్లో ఇత్తడి మెడ పట్టేటట్టు కోసిన రెండు కంతలు, ఆ కంతల వెనక లోపలికి మడిచే రెండు నాలుకలు. పంపును కూర్చోబెట్టి నాలుకలు మడిచి పెట్టె మూత వేస్తే, ఆ మూత ఒత్తిడికి నాలుకలు తెరుచుకోలేవు. తాళం వేరే లేదు, మూతే తాళం. గాజు గొట్టం ఏ గోడకూ తగలకుండా గాలిలో నిలిచి ఉంది. ఆ షీటును విప్పి మడుస్తూ, మళ్ళీ విప్పుతూ ఆ పూటంతా గడిపాను. మజ్జిగ ఇవ్వడానికి ఈ దేశంలో పద్ధతి ఇదేమో అని అప్పుడు అనిపించింది.

ఆ షీటు నుంచి నేను నేర్చుకున్నది మందం లెక్క. మేము ఎక్కువగా వాడే, ముడతల కొలతను బట్టి బి ఫ్లూట్ అని పిలిచే అట్ట సుమారు మూడు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. కాగితం మీద గీత గీసినట్టు గీస్తే కుదరదు, ఎందుకంటే ప్రతి మడతా ఆ మందంలో కొంత తినేస్తుంది. నాలుగు గోడలు మడిచేసరికి లోపలి కొలత మనం గీసినదానికన్నా చిన్నదవుతుంది, వస్తువు దిగదు. భయపడి ఎక్కువ వదిలితే వస్తువు లోపల ఊగుతుంది. షీటును పూర్తిగా వెనక్కి మడవాలంటే ఒక క్రీజ్, అంటే నొక్కి వేసే మడత గీత, చాలదు, మధ్యలో రెండు మందాల ఎడంతో రెండు క్రీజులు వేయాలి. దీనికి తోడు అట్ట లోపలి ముడతలు ఏ దిక్కుకు ఉన్నాయన్నది మరొక సమస్య. ముడతలు నిలువుగా నిలబడిన గోడ పందిరి గుంజల్లా బరువు మోస్తుంది, అవే అడ్డంగా పడుకుంటే పైన పేర్చిన పెట్టెల కింద నలిగిపోతుంది. ముడతల వెంట మడిస్తే అట్ట సులువుగా వంగుతుంది కానీ మడత గీత పక్కకు జారి దగ్గరి ముడత సందులోకి పోతుంది. ఒకే షీటులో అన్ని గోడలూ బలంగా ఉండటం సాధ్యం కాదు కాబట్టి ఏ గోడకు బలం ఇవ్వాలో, ఏ గోడ బలం వదులుకోవాలో ముందే తేల్చుకోవాలి.

కోయడం, మడత గీత వేయడం ఒకే దెబ్బలో జరిగే ఈ పద్ధతే ఒక పొరపాటు నుంచి పుట్టిందని తెలిసినప్పుడు నాకు కొంత ఊరట కలిగింది. 1879లో న్యూయార్క్‌లో రాబర్ట్ గెయిర్ అనే కాగితం సంచుల తయారీదారుడి కార్ఖానాలో, సంచులపై మడత గీత వేయవలసిన లోహపు పట్టీ పక్కకు జరిగి సంచులను కోసేసింది. పాడైన సరుకును చూసి ఆయన, మొద్దు పట్టీ మడుస్తుంది, పదును పట్టీ కోస్తుంది, రెండూ ఒకే పలకలో ఉంటే ఒక్క నొక్కుతో పెట్టె సిద్ధమవుతుంది కదా అని గ్రహించారు. నేటికీ అట్టను కోసే మా అచ్చులు, అంటే డైలు, ప్లైవుడ్ పలకలో బిగించిన పదును బ్లేడ్లు, మొద్దు బ్లేడ్లే.

గడ్డి విషయంలో నాకు అసలైన దెబ్బ తగిలింది ఇటీవల. యూరోపియన్ యూనియన్ ప్యాకేజింగ్ గురించి 2025/40 సంఖ్యతో కొత్త నిబంధన తెచ్చింది. దాని ప్రకారం 2030 నాటి నుంచి రవాణా పెట్టెల్లో, ఆన్‌లైన్ అమ్మకాల పెట్టెల్లో ఖాళీ స్థలం సగానికి మించకూడదు. అంతవరకు న్యాయమే, అరచేతిలో పట్టే వస్తువు చెప్పుల పెట్టెంత దానిలో రావడం మనమందరం చూసినదే. అయితే కాగితపు తురుము, గాలి సంచులు, నురుగు ముక్కలు, చెక్క పీచు వంటి పూరకాలతో నింపిన చోటును కూడా ఖాళీగానే లెక్కించాలని అందులో స్పష్టంగా రాశారు. చెక్క పీచు ఖాళీ అయినప్పుడు వరిగడ్డి మాత్రం ఏమవుతుంది? సమావేశంలో ఆ వాక్యం చదువుతుంటే పెద్దాయన ఆనాడు అన్న మాటకు చట్టం ముద్ర వేసినట్టనిపించింది. మా నాన్న వేళ్ళతో కుక్కిన గడ్డి, గంప విప్పాక గేదెల ముందు పడి పాలుగా మారిన గడ్డి, వీళ్ళ లెక్కలో ఏమీ లేని చోటు. ఆ గడ్డి ఏ డబ్బాలోనూ పడలేదని, ఏ మిల్లుకూ పోలేదని ఎవరికి చెప్పను?

గడ్డి లేకుండా మామిడికాయను పట్టగలనో లేదో చూద్దామన్న పట్టుదలతో తమ్ముడికి ఒక అమరిక గీసి పంపాను. నాన్న తర్వాత తోట వాడే చూస్తున్నాడు, ఐదు కిలోల పెట్టెలు కట్టి పార్సిల్‌లో హైదరాబాదుకు పంపుతాడు. పన్నెండు గుండ్రని కంతలున్న పళ్ళెం, కాయకొక కంత, కాయకూ కాయకూ మధ్య గాలి. ఒంగోలులో అట్టపెట్టెలు చేసేవాళ్ళ దగ్గర కోయించాడు. వారం తిరక్కముందే ఫోన్ చేసి, "అక్కా, నీ గుంటలు ఒక్క కొలతవి, కాయలు ఒక్క కొలతవి కావు గదా" అన్నాడు. చిన్న కాయ కంతలో దొర్లింది, పెద్ద కాయ అంచుకు ఒరుసుకుని మచ్చపడింది. మాగేకొద్దీ కాయ మెత్తబడింది, కాయలు వదిలిన తడికీ మా సముద్రపు గాలికీ అట్ట వానలో అప్పడంలా సాగింది. మా ప్రయోగశాలలో అట్టను 23 డిగ్రీల వేడిలో, 50 శాతం తేమలో ఉంచి పరీక్షిస్తాం. మే నెల ఉలవపాడు అటువంటి గది కాదు.

ఇత్తడి పంపుకు బలమున్న చోటంటూ ఒకటి ఉంది. మామిడికాయకు బయలుదేరేటప్పుడు ఒళ్ళంతా బలమే, చేరేసరికి ఎక్కడా బలం ఉండదు. దాన్ని ఎక్కడ పట్టుకోవాలి? ఈ ప్రశ్న నేను పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, మీ నాన్నగారు వాడిన గడ్డి ఎంత పొడవు ఉండేది, కోసినదా కోయనిదా, ఎండినదా, ఒక వరుసకు ఎంత మందం వేసేవారు అని ఒక్కొక్కటే అడిగి కాగితం మీద రాసుకున్నారు. మా నాన్న పని గురించి ఈ దేశంలో అంత శ్రద్ధగా అడిగినవారు మరొకరు లేరు. కొలతకు తగ్గట్టు తానే సర్దుకునేది గడ్డి ఒక్కటే అయితే అట్టకు కూడా అది నేర్పాలి అంటూ, గుండ్రని కంతకు బదులు మధ్య నుంచి ఎనిమిది చీలికలు గీశారు. చీలికల మధ్య మిగిలే ఎనిమిది రేకులు చిన్న కాయకు కొంచెం, పెద్ద కాయకు ఎక్కువ వంగి, రెండింటినీ పట్టుకుంటాయి.

నిరుడు ఇరవై పెట్టెలు అట్లా పోయాయి. తమ్ముడు ఫోన్ చేసి, "రేకులు బాగానే పట్టినాయి అక్కా, కానీ పైన పిడికెడు గడ్డి నేనే ఏసినా. గడ్డి లేకుంటే పెట్టె తెరవంగానే మన కాయ వాసన రావడం లేదంట" అన్నాడు. ఈ ఏడాది గీతలో కాయకూ మూతకూ మధ్య పన్నెండు మిల్లీమీటర్లు వదిలాను.