నాన్న కోసం రుచి పట్టిన నీళ్ళు

మా నాన్నకి 74 ఏళ్ళు. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. దాహం వేయడం మాత్రం బాగా తగ్గిపోయింది. వయసు పెరిగేకొద్దీ ఇలా అవుతుందని, ఒంట్లో నీళ్ళు తగ్గినా తెలియదని డాక్టరు చెప్పారు. హైదరాబాద్ ఎండలు ముదిరాయంటే నాకు అదే టెన్షన్. తాగమంటే "రుచీ పచీ లేని నీళ్ళు ఎన్నని తాగనమ్మా" అంటారు. కూల్‌డ్రింక్ ఇద్దామంటే 300 మిల్లీలీటర్ల కోలాలో దాదాపు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. అందుకని నీళ్ళకే రుచి పట్టిస్తున్నాను.

మెహదీపట్నం రైతు బజార్లో కీరా, నిమ్మకాయలు, పుదీనా తెచ్చుకుంటాను. లీటరు మంచినీళ్ళకి సగం కీరా, అర చెక్క నిమ్మకాయ, గుప్పెడు పుదీనా చాలు. అన్నీ బాగా కడిగి, కాయల్ని పల్చగా తరుగుతాను. పుదీనాని నూరకూడదు, పసరు వాసన వస్తుంది. రెండు అరచేతుల మధ్య పెట్టి ఒక్కసారి చరిస్తే ఘుమఘుమలాడుతుంది. నిమ్మ తొక్క కింద తెల్లటి పొర ఉంటుంది చూశారా, చేదంతా దానిదే. రాత్రంతా నాననిస్తే నీళ్ళు చేదెక్కుతాయి. అందుకే రెండు గంటలయ్యాక నిమ్మ ముక్కలు తీసేస్తాను, మిగతావి ఇంకాసేపు ఉంటాయి.

నల్గొండ బత్తాయిలు దొరికినప్పుడు తొక్క, పైపొర ఒలిచేసి తొనలు వేస్తాను, తోడుగా నాలుగు తులసి ఆకులు. దానిమ్మ గింజలైతే కాస్త చిదిమి వేయాలి, లేకపోతే రుచి దిగదు.

నాన్నకి అన్నిటికన్నా ఇష్టం వట్టివేళ్ళ నీళ్ళు. బేగంబజార్ మూలికల కొట్లో దొరుకుతాయి. మట్టి పోయేదాకా కడిగి, పల్చటి గుడ్డలో మూటకట్టి, రాత్రి కుండలో వేస్తాను. తెల్లారేసరికి నీళ్ళకి వాన పడ్డ నేల వాసన వస్తుంది. అవి తాగుతూ, తన చిన్నప్పుడు కిటికీలకి వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళని చెబుతారు. ఆ కబుర్లలో పడి ఇంకో గ్లాసు కూడా తాగేస్తారు, నాకు ఎంత సంతోషమో!

పళ్ళు వేసిన నీళ్ళు మాత్రం ఫ్రిజ్‌లోనే ఉంచాలి, ఆ రోజే తాగెయ్యాలి. ఈ ఎండల్లో బయట పెడితే తొందరగా పాడైపోతాయి. రాగి చెంబులో నిమ్మ నీళ్ళు పోయకండి, పులుపుకి రాగి నీళ్ళలోకి దిగుతుంది. గాజు జగ్గు గానీ స్టీలు గిన్నె గానీ మంచిది.

ఇవి తాగితే ఒంట్లో విషాలన్నీ పోతాయని వీడియోల్లో చెబుతుంటారు. నేను నమ్మను. ఆ పని చేయడానికి కాలేయం, కిడ్నీలు ఉన్నాయి. మా నాన్న నాలుగు గ్లాసులు ఎక్కువ తాగితే నాకు అదే పదివేలు. గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉండి నీళ్ళు తగ్గించమని డాక్టరు చెప్పి ఉంటే, ముందు ఆ డాక్టర్ని అడగండి.

ఇప్పుడేమో నాన్న మామిడికాయ ముక్కలు వేసి, చిటికెడు ఉప్పు కలపమంటున్నారు. మామిడికాయ వేస్తాను. బీపీ ఉంది కాబట్టి ఉప్పు మాత్రం వేయను.