పనసకాయకి సీటు బెల్టు

వైజాగ్ పూర్ణా మార్కెట్లో పెద్ద పనసకాయ కొని వెనక సీట్లో పడేసి బయల్దేరానో లేదో టింగ్ టింగ్ అని ఒకటే మోత, వెనక ఎవరూ లేరు కదా ఏదో పాడైందని జగదాంబ జంక్షన్ దాకా టెన్షన్ పడి, బండి ఆపి చూస్తే అప్పుడు వెలిగింది: సీటులోని సెన్సార్‌కి తెలిసింది బరువే, మనిషో పనసకాయో దానికనవసరం. కాయకి బెల్టు పెట్టాను. నోరు మూసుకుంది.

నిన్న సింహాచలం వెళ్తుంటే అమ్మ "వెనక్కూర్చునేవాళ్ళకెందుకురా, చీర నలిగిపోద్ది" అని బెల్టుని వీపు వెనక నుంచి లాగి క్లిప్పులో గుచ్చేసింది. మోత ఆగింది, నాకు ఒళ్ళు మండింది (పనసకాయే నయం, మాట వింది). వెనక సీటుకీ 1000 రూపాయల ఫైనుందంటే కదల్లేదు. సడెన్ బ్రేకు పడితే నువ్వొచ్చి నా మీదే పడతావమ్మా అన్నాక, హనుమంతవాక దగ్గర గొణుక్కుంటూ సరిగ్గా పెట్టుకుంది.