వాట్లు కాదండీ, వంతు చూసుకోండి

ప్యాకెట్ రేడియోలోకి, అంటే హ్యామ్ రేడియో సెట్టుతో కంప్యూటర్ మెసేజ్‌లని చిన్న ముక్కలుగా (ప్యాకెట్లుగా) గాల్లోకి పంపే ఆటలోకి, కొత్తగా వచ్చినోళ్ళు ముందు అడిగేది ఎన్ని వాట్లు కావాలి అనే. 5 వాట్ల హ్యాండీ (చేతి సెట్టు) చాలండీ అంటే నమ్మరు. 1200 బాడ్ (సెకనుకి 1200 బిట్లు) స్పీడు దగ్గర ప్యాకెట్లు పోయేది ఎక్కువగా ఆడియో వల్ల, ఇంకా ఎక్కువగా ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి మాట్లాడటం వల్ల.

లోపల జరిగేది పెద్ద మాయేం కాదు. డైర్‌వుల్ఫ్ లాంటి సాఫ్ట్‌వేర్ మోడెమ్ మనం టైప్ చేసిందాన్ని 1200, 2200 హెర్ట్జ్ రెండు కూతలుగా మార్చి సెట్టు మైకులోకి పంపుద్ది, అవతల సెట్టు స్పీకర్లోంచి అవే కూతలు ఇంకో కంప్యూటర్లోకి పోతాయి. ఏఎక్స్.25 అనే పద్ధతిలో కట్టిన ఒక్కో ప్యాకెట్‌ని ఫ్రేమ్ అంటారు, దాని చివర తప్పులు పట్టే 16 బిట్ల చెక్ ఉంటది, ఒక్క బిట్ తేడా కొట్టినా ఫ్రేమ్ మొత్తం చెత్తబుట్టలోకే. అందుకే లెవెల్ గురించి అంత గోల. డైర్‌వుల్ఫ్ ప్రతి ప్యాకెట్‌కీ ఆడియో లెవెల్ చూపిస్తది, 50 దగ్గర ఉండేట్టు పెట్టుకుని ఇంక ఆ నాబ్ జోలికి పోవద్దు. ల్యాప్‌టాప్‌లో నాయిస్ తగ్గించే ఎఫెక్టులు ఆపేయండి, అవి మన డేటానే నాయిస్ అనుకుంటాయి. సెట్టులో బ్యాటరీ సేవర్ కూడా ఆఫ్, లేకపోతే అది కునుకులోంచి లేచేలోపు ప్యాకెట్ మొదలు కాస్తా పోద్ది.

ఇంక వాక్స్, అంటే మైకులోకి శబ్దం రాగానే సెట్టు దానంతటదే ట్రాన్స్‌మిట్‌లోకి పోయే ఏర్పాటు. కేబుల్ ఖర్చు మిగులుద్దని వాక్స్‌తో నడిపేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది. ప్యాకెట్ అయిపోయాక కూడా సెట్టు కాసేపు ట్రాన్స్‌మిట్‌లోనే ఉండిపోద్ది, ఈలోపు అవతలాయన జవాబు ఇచ్చేసినా మనకి వినపడదు, పైగా మిగతావాళ్ళకి ఛానెల్ దొరకదు. యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ ఆర్‌టీఎస్ లైనుకి (కంప్యూటర్ ఆన్, ఆఫ్ చెయ్యగలిగే తీగ) ఒక ట్రాన్సిస్టర్ తగిలించి పీటీటీ (సెట్టులో మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) నొక్కించండి, సాయంత్రం కూర్చుంటే అయిపోద్ది.

సెట్టింగుల్లో పర్సిస్ట్ అని ఒకటుంటది, మామూలుగా 63. అంటే ఛానెల్ ఖాళీగా ఉన్నా నాలుగింట ఒక వంతే పంపే ఛాన్సు, లేదంటే 100 మిల్లీసెకన్లు ఆగి మళ్ళీ పాచిక వేసుకోవాలి. ఇదేంటి లేటు అని దాన్ని 255 చేసే (అంటే ఖాళీ కనపడగానే పంపేసే) హీరోలున్నారు, అందరూ అలాగే చేస్తే ఛానెల్ ఖాళీ అయిన మరుక్షణం పండగ రోజు ఆర్టీసీ బస్సు డోరు దగ్గర తోపులాటే.

అసలు తమాషా అంతా అంతరిక్ష కేంద్రం దగ్గర ఉంది. ఐఎస్‌ఎస్‌లో 145.825 మెగాహెర్ట్జ్ మీద ప్యాకెట్లు విని తిరిగి పంపే డిజిపీటర్ ఉంది, ఎప్పుడూ ఆన్‌లో ఉండదనుకోండి. అది 400 కిలోమీటర్ల పైన ఉంటది కాబట్టి హైదరాబాద్ నెత్తిన ఉన్నప్పుడు దానికి ఢిల్లీ, చెన్నై, కొలంబో అన్నీ ఒకేసారి వినపడతాయి, కానీ కింద ఉన్న మనకి ఢిల్లీ ఆయన సెట్టు నేరుగా వినపడదుగా, ఛానెల్ ఖాళీ అనుకుని నొక్కేస్తాం, ఆయనా నొక్కేస్తాడు, పైన రెండూ కలిసి ఖిచిడీ. పర్సిస్ట్ ఎంత పెట్టినా ఇక్కడ పనిచెయ్యదు. 1971లో హవాయిలో అలోహానెట్ మొదలుపెట్టినోళ్ళకీ ఇదే బాధ, దీవుల్లో ఉన్న టెర్మినళ్ళు ఒకదాన్నొకటి వినలేవు, అందుకని పంపెయ్, రసీదు రాకపోతే ఎంతో కొంత ఆగి మళ్ళీ పంపు అన్నారు. ఆ పద్ధతిలో ఎంత బాగా నడిచినా ఛానెల్‌లో 18 శాతం చిల్లరే పనికొస్తది, మిగతాది ఖాళీలూ గుద్దుళ్ళూ.

కాబట్టి మహా అయితే పది నిమిషాలుండే ఆ పాస్‌లో (కేంద్రం మన నెత్తిమీదుగా పోయే టైములో) పది సెకన్లకోసారి దానంతటదే బీకన్ (నేనిక్కడున్నా అనే ప్యాకెట్) కొట్టే సెట్టింగ్ తీసేయండి. చిన్న మెసేజ్, పాత్‌లో (ప్యాకెట్ ఎవరి ద్వారా పోవాలో రాసే చోట) ఏఆర్‌ఐఎస్‌ఎస్ అని పెట్టి చేత్తోనే పంపండి. అంతరిక్ష కేంద్రం కాల్‌సైన్ ఆర్‌ఎస్‌0ఐఎస్‌ఎస్ పక్కన నక్షత్రం గుర్తుతో మన ప్యాకెట్ తిరిగొస్తే పైనుంచి రిపీట్ అయినట్టే, ఇంక పక్కోళ్ళకి వదిలేయండి. డాప్లర్ (కేంద్రం వేగం వల్ల ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ జరగటం) 3 కిలోహెర్ట్జ్ పైచిలుకు ఉంటది, ఈ స్పీడుకి ఎఫ్ఎం తట్టుకుంటది, ట్యూన్ చెయ్యక్కర్లా.

అన్నట్టు ఇదంతా హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ ఉన్నోళ్ళకే. పరీక్ష రాయాలనుకునేవాళ్ళకి హైదరాబాద్‌లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, వెళ్ళి కనుక్కోండి. ఎన్‌క్రిప్షన్ (ఎవరూ చదవకుండా తాళం వెయ్యటం) మాత్రం ఈ బ్యాండ్లలో కుదరదు, మీరు పంపింది ఊరందరూ చదువుతారు.