హెడ్ కోచ్ పక్కన నిలబడేవాళ్లు

డాలస్ చుట్టుపక్కల ఉద్యోగం చేసేవాళ్లకు జనవరి నెలంతా కౌబాయ్స్ జట్టు గురించిన వాదనలతోనే గడుస్తుంది. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో విసిరి, భుజాలతో ఢీకొని ఆడే అమెరికా ఆట. 2025 జనవరిలో హెడ్ కోచ్ మైక్ మెకార్తీ ఐదేళ్ల ఒప్పందం ముగిసింది, కొత్తది కుదరలేదు. యజమాని జెర్రీ జోన్స్ బయటివాళ్లు కొందరిని ఇంటర్వ్యూ చేసి, చివరకు తన జట్టులోనే అఫెన్స్ అనే దాడి విభాగానికి కోఆర్డినేటర్‌గా ఉన్న బ్రయన్ షాటన్‌హైమర్‌ను ఎంచుకున్నారు. ఆయనకు అప్పటికి 51 ఏళ్లు. అంతకు ముందు ఏ జట్టుకూ హెడ్ కోచ్‌గా చేయలేదు. తండ్రి మార్టీ షాటన్‌హైమర్ మాత్రం రెగ్యులర్ సీజన్ ఆటల్లో 200 విజయాలు సాధించిన కోచ్.

నేను డాలస్ పక్కనున్న ప్లేనోలో ఒక బీమా సంస్థకు సాఫ్ట్‌వేర్ పరీక్షించే బృందంలో పనిచేస్తాను. ఆ వారమంతా మా కాఫీ గదిలో షాటన్‌హైమర్ పేరే నలిగింది. అయితే అసలు వాదన ఆ తర్వాత మొదలైంది. ఆయన తన కింద ఎవరెవరిని పెట్టుకుంటారు? ప్రత్యర్థి దాడిని అడ్డుకునే డిఫెన్స్ ఎవరి చేతిలో పెడతారు? పెళ్లి వంటకు పెద్ద వంటవాడిని కుదుర్చుకున్నాక వెంట ఎవరిని తెస్తున్నావని అడగనిదే మన ఊళ్లలో బయానా ఇవ్వరు. ఇక్కడి అభిమానుల ఆరాటమూ అలాంటిదే.

ఆ ఆరాటానికి కారణం ఉంది. ఒక జట్టులో 53 మంది ఆటగాళ్లు. వాళ్లందరికీ ఒక్క మనిషి ఆట నేర్పలేడు. అఫెన్స్, డిఫెన్స్, కిక్కులు చూసే స్పెషల్ టీమ్స్ అని మూడు విభాగాలు, ఒక్కోదానికి ఒక కోఆర్డినేటర్. ఆ కోఆర్డినేటర్ కింద ముందు వరుస అయిన లైన్‌కు ఒకరు, దాని వెనక నిలబడే లైన్‌బ్యాకర్లకు ఒకరు, వెనక వరుసలో కాపు కాసేవాళ్లకు ఒకరు చొప్పున కోచ్‌లు. కౌబాయ్స్ సొంత మైదానమైన ఆర్లింగ్టన్ స్టేడియంలో ఆట చూస్తున్నప్పుడు నా కళ్లు బంతి మీద కంటే పక్క గీత మీదే ఎక్కువ ఉంటాయి. ఆట ఆగి మళ్లీ మొదలయ్యే లోపు ఉండేది 40 సెకన్లు. తర్వాతి ఎత్తుగడ ఏమిటో చెప్పే కోచ్ రంగురంగుల గడులున్న పెద్ద అట్ట పట్టుకుని, ఎదుటివాళ్లు పెదవుల కదలిక చదవకుండా దాన్నే నోటికి అడ్డం పెట్టుకుని, రేడియోలో రెండు మూడు మాటలు చెబుతాడు. ఆ మాటలు ఒక్క ఆటగాడి హెల్మెట్‌లోనే వినిపిస్తాయి. గడియారం 15 సెకన్లకు దిగగానే రేడియో దానంతటదే ఆగిపోతుంది. ఆ తర్వాత మైదానంలో ఉన్నవాడికి తోడుండేది వారమంతా నేర్చుకున్న పాఠమే. ఆ పాఠం చెప్పింది హెడ్ కోచ్ కాదు. టీవీలో పేరు కూడా కనిపించని ఒక అసిస్టెంట్.

షాటన్‌హైమర్ డిఫెన్స్‌కు మాట్ ఎబర్‌ఫ్లూస్‌ను తీసుకున్నారు. కాఫీ గది రెండుగా చీలిపోయింది.

ఎబర్‌ఫ్లూస్ ఇక్కడికి కొత్త కాదు. 2011 నుంచి 2017 వరకు ఇదే జట్టుకు లైన్‌బ్యాకర్ల కోచ్. తర్వాత నాలుగేళ్లు ఇండియానాపొలిస్‌లో డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా మంచి పేరు తెచ్చుకుని, 2022లో షికాగో బేర్స్‌కు హెడ్ కోచ్ అయ్యారు. అక్కడ 46 ఆటల్లో 14 గెలిచి 32 ఓడారు. 2024 థాంక్స్‌గివింగ్ రోజున డెట్రాయిట్‌లో మూడు పాయింట్లు వెనకబడి ఉండగా, చేతిలో ఆటను ఆపే టైమ్ అవుట్ ఉండి కూడా వాడకుండా చివరి సెకన్లు కరిగిపోనిచ్చారు. మర్నాడే ఉద్యోగం పోయింది. సీజను మధ్యలో హెడ్ కోచ్‌ను తీసేయడం బేర్స్ చరిత్రలో అదే మొదటిసారి.

మా డేటాబేస్ పని చూసే పెద్దాయన ఫోర్ట్ వర్త్ పక్క పల్లెలో పుట్టి పెరిగినవాడు. ఆయనకు ఈ నియామకం అస్సలు నచ్చలేదు. షికాగో వద్దనుకున్న మనిషి మనకెందుకు, పాత పరిచయం తప్ప వేరే కారణం ఏముందని పట్టుబట్టాడు. క్లెయిముల విభాగంలో పనిచేసే ఆవిడ ఒప్పుకోలేదు. హెడ్ కోచ్‌గా గడియారం చూసుకోలేకపోవడం వేరు, డిఫెన్స్ నేర్పడం వేరని ఆమె వాదన. మా బృందంలో కొత్తగా చేరిన ఖమ్మం కుర్రవాడు ఇక్కడే ఎమ్మెస్ చదివి ఈ ఆటకు బానిసైపోయాడు. అతడు నాతో తెలుగులో, ‘అన్నా, డాన్ క్విన్ వచ్చినప్పుడు కూడా వీళ్లు ఇదే మాటన్నారు’ అన్నాడు.

అతడన్నది అక్షరాలా నిజం. 2020లో అట్లాంటా జట్టు మొదటి ఐదు ఆటలూ ఓడాక హెడ్ కోచ్‌గా ఉన్న డాన్ క్విన్‌ను తీసేసింది. 2021లో మెకార్తీ ఆయనను డిఫెన్స్‌కు తెచ్చినప్పుడు, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో 28-3 ఆధిక్యాన్ని పోగొట్టుకున్న మనిషి అని అభిమానులు మండిపడ్డారు. ఆ ఏడే ట్రెవాన్ డిగ్స్ ప్రత్యర్థులు విసిరిన బంతిని 11 సార్లు మధ్యలో అందుకున్నాడు. కొత్తగా వచ్చిన మైకా పార్సన్స్ బంతి విసిరే ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌లకు నిద్ర లేకుండా చేశాడు. వరసగా మూడేళ్లు ఏటా 12 విజయాలు. క్విన్ 2024లో వాషింగ్టన్‌కు హెడ్ కోచ్‌గా వెళ్లి, మొదటి సీజనులోనే ఆ జట్టును సూపర్ బౌల్‌కు ఒక్క మెట్టు దూరం దాకా తీసుకువెళ్లారు.

అలాగని పెద్దాయన భయాన్నీ కొట్టిపారేయలేను. మెకార్తీ 2020లో వచ్చినప్పుడు డిఫెన్స్‌కు మొదట తెచ్చింది మైక్ నోలన్‌ను. ఆయనా ఒకప్పటి హెడ్ కోచే, శాన్ ఫ్రాన్సిస్కోలో. కోవిడ్ కారణంగా వేసవి శిక్షణ వీడియో కాల్స్‌లో జరిగింది. సరికొత్త పద్ధతిని తెర మీద బొమ్మలు చూపి నేర్పారు. ఆ సీజనులో ప్రత్యర్థులు 473 పాయింట్లు చేశారు, అప్పటికి కౌబాయ్స్ చరిత్రలో అదే అత్యధికం. నోలన్ ఒక్క ఏడాదికే వెళ్లిపోయారు. విఫలమైన హెడ్ కోచ్ అన్న ముద్ర నోలన్‌కూ ఉంది, క్విన్‌కూ ఉంది. ఫలితాలు చూస్తే ఒకరికి ఒకరు పోలికే లేరు. కాబట్టి ఆ ముద్రను పట్టుకుని వాదించినంత కాలం ఎవరూ ఎక్కడికీ చేరరని నాకు గట్టిగా అనిపించింది. అదే మాట అన్నాను కూడా.

ఈ దేశం వచ్చిన కొత్తలో ఇలాంటి మాటల మధ్య నేను కాఫీ కప్పు పట్టుకుని మౌనంగా నిలబడేవాణ్ని. క్రికెట్ తప్ప వేరే ఆట తెలియదు. ఆట నియమాలు తెలిసినంత మాత్రాన కూడా నోరు పెగల్లేదు. అసిస్టెంట్ల గురించి వాదన వచ్చినప్పుడే నాకూ చెప్పడానికి ఏదో ఉందని తెలిసింది, ఎందుకంటే పైవాడు మారితే కిందివాళ్ల గతి ఏమవుతుందన్నది నా బతుకులో భాగం. కొత్త డైరెక్టర్ వచ్చిన ప్రతిసారీ ఆయన మొదటి నెలలో ఎవరిని తెచ్చుకుంటారో మేమంతా కళ్లు పెద్దవి చేసుకుని చూస్తాం. ఇంతకు ముందు నేను పనిచేసిన చోట ఒకాయన వస్తూనే పాత సంస్థలోని తన మనుషులను నలుగురిని తెచ్చుకున్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, పనిమంతులే. కానీ మా దగ్గర ఉన్న వ్యవస్థ ఏమిటో, దాన్ని ఎవరు కట్టారో, ఎందుకలా కట్టారో వాళ్లలో ఒక్కరూ అడగలేదు. తమకు అలవాటైన పద్ధతిని తెచ్చి దీని మీద పరిచారు. ఏడాది తిరక్కుండా మాలో సగం మంది బయటికి వెళ్లాం. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల గడువు. ఆ లోపు మరో సంస్థ పిటిషన్ వేయకపోతే పిల్లల బడి, అద్దె ఇల్లు, కారు అప్పు అన్నీ వదిలి బయలుదేరాలి. ఆ గడువు లెక్కపెట్టిన మనిషికి కోచ్‌ల నియామకాల వార్త కాలక్షేపం కాదు.

అందుకే మెకార్తీ వెళ్లినప్పుడు నేను ఆయన గురించి బాధపడలేదు. అంత పెద్ద పేరున్న కోచ్‌కు ఎక్కడో ఒకచోట పిలుపు వస్తుంది. ఆయన కింది అసిస్టెంట్లలో చాలామంది ఒప్పందాలూ అప్పుడే ముగిశాయి. హెడ్ కోచ్ విషయం తేలేదాకా వాళ్లకు తమ సంగతి తెలియదు. ఈ వృత్తిలో ఇది మామూలే. రెండేళ్లకో మూడేళ్లకో ఒక ఊరు, పిల్లలకు మళ్లీ కొత్త బడి. ఫ్రిస్కోలో కౌబాయ్స్ కార్యాలయం, శిక్షణ మైదానం ఉన్న ‘ద స్టార్’ 91 ఎకరాల ప్రాంగణం. నేను కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్లేదీ ఆ ఊరికే. ఆ ఊరి ఇళ్లలో ఎందరు మనవాళ్లు వీసా కాగితాల కోసం ఎదురుచూస్తున్నారో, ఎందరు కోచ్‌ల భార్యలు సామాను పెట్టెలు విప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నారో అని చాలాసార్లు అనుకున్నాను.

మా పెద్దాయన దగ్గర నేను నేర్చుకున్నది మాత్రం తక్కువ కాదు. 1989లో జెర్రీ జోన్స్ జట్టును కొని, 29 సీజన్లు నడిపించిన టామ్ ల్యాండ్రీని తీసేసి, జిమ్మీ జాన్సన్‌ను తెచ్చినప్పుడు ఆయన కుర్రవాడు. మొదటి ఏడాది ఒక్క ఆటే గెలిచారు, 15 ఓడారు. 1990లోనూ అఫెన్స్ నడవలేదు. అప్పుడు దాన్ని చూసేది డేవిడ్ షూలా, మహా కోచ్ డాన్ షూలా కొడుకు. 1991లో జాన్సన్ ఆయన స్థానంలో లాస్ ఏంజెలిస్ రామ్స్ నుంచి నార్వ్ టర్నర్ అనే అసిస్టెంట్‌ను తెచ్చారు. అభిమానులకు ఆ పేరు అంతగా తెలియదు. క్వార్టర్‌బ్యాక్ ట్రాయ్ ఐక్‌మన్ చేతిలోని బలం ఏమిటో, దాన్ని ఎప్పుడు ఎలా విడుదల చేయించాలో టర్నర్‌కు తెలుసు. ఆ ఏడు 11 విజయాలు. 1992, 1993 సీజన్లలో సూపర్ బౌల్. ఈ కథ చెప్పేటప్పుడు పెద్దాయన గొంతు మారిపోతుంది. జాన్సన్, జోన్స్‌ల పేర్లు అందరూ చెబుతారు గానీ ఆ రెండు కప్పులకు తలుపు తీసింది టర్నర్ నియామకమేనని ఆయన నమ్మకం. నేనూ నమ్ముతాను.

ఈ కథ విన్నాక నేను ప్రతి నియామకానికీ అడిగే ప్రశ్న ఒకటే. వచ్చే మనిషి ఇప్పటికే ఇక్కడున్న ఆటగాళ్లను చూసి పద్ధతి కుట్టుకుంటాడా, తన పద్ధతికి సరిపడేలా ఆటగాళ్లను కత్తిరిస్తాడా? షాటన్‌హైమర్ అఫెన్స్‌కు అరిజోనా నుంచి క్లేటన్ ఆడమ్స్‌ను తెచ్చారు. అక్కడ ఆయన అఫెన్స్ లైన్ కోచ్. క్వార్టర్‌బ్యాక్‌కు అడ్డుగా నిలబడే ఐదుగురు భారీకాయులకు అడుగులు నేర్పే మనిషిని ఏకంగా కోఆర్డినేటర్‌ను చేయడం చాలామందికి వింతగా తోచింది. నాకు మాత్రం ఎంతో నచ్చింది. ఎత్తుగడలు తానే చెప్పాలనుకున్న హెడ్ కోచ్, తనకు రాని విద్య తెలిసినవాడిని పక్కన పెట్టుకున్నాడు. 2025 సీజనులో అఫెన్స్ లీగ్‌లో ముందు వరుసలో నిలిచింది. జావాంటే విలియమ్స్ బంతి పట్టుకుని వెయ్యి గజాలకు పైగా పరుగెత్తాడు.

డిఫెన్స్ సంగతి అందుకు పూర్తిగా విరుద్ధం. అక్కడున్నది క్విన్ కాలంలో ఒక్కొక్కరిని ఒక్కొక్కరు అంటిపెట్టుకుని కాయడం నేర్చిన కుర్రవాళ్లు. డిగ్స్ అలాగే ఎదిగాడు. డరాన్ బ్లాండ్ 2023లో అలా అందుకున్న బంతులతోనే ఐదు టచ్‌డౌన్లు చేసి లీగ్ రికార్డు నెలకొల్పాడు. ఎబర్‌ఫ్లూస్ నమ్మేది జాగాలు పంచుకుని కాసే పద్ధతి. దానికి ముందు వరుస తన బలంతోనే క్వార్టర్‌బ్యాక్‌ను తరమాలి. ఆ తరిమే పార్సన్స్‌ను ఆగస్టు చివరలో గ్రీన్ బే జట్టుకు ఇచ్చేశారు. ఒక నెలకు అతడే ప్రత్యర్థి జెర్సీ వేసుకుని ఆర్లింగ్టన్‌కు వస్తే ఆట 40-40తో సమంగా ముగిసింది. అఫెన్స్ 40 పాయింట్లు చేసిన రాత్రి గెలవలేకపోయాం. సీజను పూర్తయ్యేసరికి 2020 నాటి 473 లెక్క కూడా వెనకబడింది. 2026 జనవరిలో ఎబర్‌ఫ్లూస్‌ను తప్పించారు.

పెద్దాయన తానన్నదే జరిగిందన్నాడు. పార్సన్స్‌ను అమ్మింది ఎబర్‌ఫ్లూస్ కాదు కదా అని క్లెయిముల ఆవిడ అడిగింది. ఆమె మాటలో న్యాయం ఉంది. చేతిలోంచి ప్రధాన ఆయుధం లాక్కుని యుద్ధం ఓడావని నింద మోపితే ఏ అసిస్టెంట్ బాగుపడతాడు? అయినా ఉన్న కుర్రవాళ్లకు తగ్గట్టు పద్ధతి మార్చుకోవడం ఎబర్‌ఫ్లూస్ పనే, అందులో ఆలస్యం జరిగింది. ఈ రెండూ ఒకేసారి నిజమని నేనంటే ఇద్దరూ నా మీదే విరుచుకుపడ్డారు.

ఖమ్మం కుర్రవాడు తర్వాతి డిఫెన్స్ కోఆర్డినేటర్ ఎవరు కావచ్చో ఫోనులో జాబితా రాసుకుని చూపించాడు. అన్నీ పెద్ద పేర్లే. కోఆర్డినేటర్ ఎవరొచ్చినా సరే, లైన్‌బ్యాకర్లకు, వెనక వరుసకు కోచ్‌లుగా ఎవరొస్తున్నారో చూడమన్నాను. వాళ్లలో ఎందరు కొత్త కోఆర్డినేటర్‌కు పాత స్నేహితులు, ఎందరు ఇప్పటికే మన కుర్రవాళ్ల తీరు తెలిసినవాళ్లు అన్నది రాసిపెట్టుకోమన్నాను. అతడు జాబితా కింద ఇంకో గీత గీసి మళ్లీ మొదలుపెట్టాడు.