పెంకుటింట్లో గండుచీమల కాలనీ: మూడేళ్ళ నా అనుభవం

2022 జూన్‌లో, మృగశిర కార్తె వాన వెలిసిన ఒక సాయంత్రం, విజయనగరంలోని మా పెంకుటింటి వరండా దీపం కింద ఉసిళ్ళు కుప్పలుగా రాలుతుంటే, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి వాటి మధ్య నడుస్తున్న ఒక పెద్ద నల్లపురుగును చూపించి ఇదేమిటని అడిగింది. ఉసిళ్ళు చెదజాతివి కాబట్టి వాటి నాలుగు రెక్కలూ ఒకే పొడవున ఉంటాయి, నడుము ఉన్నట్టే కనిపించదు. అమ్మాయి చూపించిన దాని నడుము నొక్కేసినంత సన్నగా ఉంది, మీసాలు మోచేతిలాగా వంగి ఉన్నాయి, వీపు మీద రెక్కలు ఊడిన గుర్తులు కనిపిస్తున్నాయి. అది గాలిలో జతకట్టి కిందికి దిగి, రెక్కలు తనే తెంచుకుని, గూడు పెట్టుకోవడానికి చోటు వెతుక్కుంటున్న గండుచీమ రాణి. కాంపోనోటస్ అనే ప్రజాతికి చెందిన ఈ నల్లచీమలు మా పెరటి వేపచెట్టు మొదట్లో ఎప్పుడూ తిరిగేవే. ఆ రాత్రి అటువంటి రాణులు రెండు దొరికాయి, వాటిని పెంచుదామని అమ్మాయి పట్టుబట్టింది.

మా ఇల్లు చీమల మీద తరతరాలుగా యుద్ధం చేస్తున్న ఇల్లు. బెల్లం డబ్బా నీళ్ళ పళ్ళెంలో నిలబడుతుంది, పంచదార సీసా చుట్టూ పసుపు గీత ఉంటుంది, వంటింటి గోడ వారగా మందు సుద్దతో గీసిన గీతలు అప్పట్లో ఎప్పుడూ చెరిగేవి కావు. సీసాలో రాణిని చూసిన మా అమ్మ, "సీమల్ని తరమాల్సింది పోయి మేపుతావేటిరా బావు!" అని నిట్టూర్చింది. ఆ మాటలోని చిక్కు ఎంతటిదో నాకు నాలుగు నెలల తరువాత గాని తెలియలేదు.

గూడు పెట్టే దశలో గండుచీమ రాణికి తిండి అక్కరలేదు. ఇక ఎగరవలసిన పని లేని రెక్కల కండరాలను, ఒంట్లోని కొవ్వును కరిగించుకుని, ఆ సత్తువతోనే అది మొదటి పిల్లలను సాకుతుంది. దానికి కావలసినవి చీకటి, తేమ, కదలిక లేని చోటు, అంతే. కాలేజీలకు సామగ్రి అమ్మే దుకాణంలో రెండు గాజు పరీక్షనాళికలు కొని, ఒక్కొక్కదానిలో మూడో వంతు నీళ్ళు పోసి, నీళ్ళకు తగిలేలా దూది గట్టిగా దూర్చి, మిగిలిన ఖాళీలోకి రాణిని వదిలి, మూతికి మరో దూది ఉండ పెట్టాను. లోపలి దూది ఎప్పుడూ తడిగా ఉండి నీరు అందిస్తుంది, మూతి దూదిలోంచి గాలి ఆడుతుంది. ఒక నాళికను నల్లగుడ్డలో చుట్టి పాత బీరువాలో చీరల వెనక పెట్టాను. రెండోదాన్ని, ఆశకొద్దీ, నా బల్ల మీదే ఉంచుకున్నాను.

బల్ల మీది రాణి నాలుగో రోజునే గుడ్లు పెట్టింది. రోజుకు మూడు సార్లు టార్చి వేసి చూశాను, వచ్చిన ప్రతి బంధువుకూ చూపించాను. పదిహేనో రోజుకు ఆ గుడ్లలో ఒక్కటీ మిగలలేదు. బెదిరిన రాణి తన గుడ్లను తానే తినేస్తుందని, ప్రమాదం ఉన్నచోట పిల్లలను పెంచడం కంటే ఆ సత్తువను వెనక్కి తీసుకోవడమే దానికి తెలిసిన లెక్కని తరువాత చదివి తెలుసుకున్నాను. అది మళ్ళీ గుడ్లు పెట్టి మళ్ళీ తిని, ఆగస్టులో చనిపోయింది. బీరువాలోని దాన్ని వారానికి ఒక్కసారి మాత్రమే, అదీ ఎర్ర కాగితం చుట్టిన టార్చితో చూసేవాణ్ణి, ఎందుకంటే ఎర్ర వెలుగు చీమల కళ్ళకు సరిగా ఆనదు. 43వ రోజున, గోధుమరంగు పట్టుగూళ్ళ పక్కన, పాలిపోయిన ఒంటితో తడబడుతూ నడుస్తున్న మొదటి శ్రామిక చీమ కనిపించింది. అది పెరట్లోని గండుచీమల్లో సగం కూడా లేదు. కడుపు మాడ్చుకున్న తల్లి పెంచిన తొలి కాన్పు పిల్లలు అలాగే చిన్నగా ఉంటాయి.

అప్పటి నుంచి మేత మొదలైంది. ఒక వంతు పంచదారకు మూడు వంతుల నీళ్ళు కలిపి, అగ్గిపుల్ల కొనతో ఒక్క బొట్టు అల్యూమినియం రేకు ముక్క మీద పెట్టేవాణ్ణి. మొదట్లో బొట్టు పెద్దదై ఒక చీమ అందులో అతుక్కుని చచ్చిపోయాక, చిన్న దూది పింజను తడిపి పెట్టడం అలవాటైంది. తాగి వచ్చిన చీమ పొట్ట ఉబ్బి, నల్లటి పలకల మధ్య లేత పసుపు చారలు బయటపడేవి. అది లోపలికి వెళ్ళి రాణికి ఎదురుగా నిలబడి, మీసాలతో తట్టి, నోటికి నోరు ఆనించి ఆ నీటిని పంచేది. భూతద్దంలో ఇది చూశాక, మా అమ్మ కూడా బీరువా దగ్గర కాసేపు కూర్చోవడం మొదలుపెట్టింది.

తీపితో ఎదిగిన చీమలు బతుకుతాయి గాని, గుడ్ల నుంచి వచ్చిన పురుగుల్లాంటి పిల్లలు, అంటే లార్వాలు పెరగవు. వాటికి పురుగు మాంసం కావాలి. పొలాల నుంచి తెచ్చిన మిడతల మీద వరికి కొట్టిన మందు ఉండవచ్చు, ఇంట్లో దొరికిన బొద్దింక ఎక్కడ ఏ మందు తిని వచ్చిందో ఎవరికి తెలుసు? నేను చివరికి నమ్ముకున్నది మా బియ్యం డబ్బానే. పాత బియ్యంలో గూడు అల్లుకునే తెల్ల పురుగును మరిగే నీళ్ళలో ఒక నిమిషం ముంచి తీస్తే, దాని మీద ఉన్న, మైట్లు అనే నల్లుల్లాంటి సూక్ష్మమైన జీవులు కూడా చస్తాయి. దాన్ని చిన్న ముక్కలుగా కోసి వారానికి రెండు సార్లు పెట్టేవాణ్ణి, మర్నాడు మిగిలింది తప్పకుండా తీసేసేవాణ్ణి. వానాకాలంలో ఆ ముక్క రెండో రోజుకే బూజు పట్టి గాజుకు అతుక్కుపోతుంది, అప్పుడు దాన్ని తీయడం కోసం గూడంతా కెలకాల్సి వస్తుంది.

అక్టోబరు నాటికి పద్నాలుగు చీమలయ్యాయి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి బంధువులు వచ్చి, బీరువా ఉన్న గదిలోనే పడుకున్నారు. దోమలు ఎక్కువని వాళ్ళు రాత్రి పొద్దుపోయాక ద్రవం నింపిన దోమల మందు యంత్రాన్ని గోడకు తగిలించి తలుపులు మూశారు. ఆ విషయం నాకు మర్నాడు మధ్యాహ్నం తెలిసింది. నాళిక తీసి చూస్తే ఆరు చీమలు వెల్లకిలా పడి, కాళ్ళు ముడుచుకుని, ఉండి ఉండి వణుకుతున్నాయి; రాణి నిలబడే ఉంది గాని మీసాలు ఊపడం లేదు. దోమను చంపే ఆ రకం మందులు చీమ నరాల మీద కూడా పనిచేస్తాయి, పైగా దూది గాలినైతే ఆపదు కదా. కొత్త నాళికలో తాజా నీళ్ళు, కొత్త దూది పెట్టి, దాన్ని ఒక పెట్టెలో ఉంచి, గాలి ధారాళంగా ఆడే వెనక వరండాకు మార్చాను. తొమ్మిది చనిపోయాయి, అయిదు మిగిలాయి, మూడు వారాల దాకా రాణి గుడ్డు పెట్టలేదు. బంధువులను అనడానికేముంది, ఆ గదిలో ఏముందో వాళ్ళకు నేను చెప్పనేలేదు. ఇప్పుడు దోమతెరలే కట్టుకుంటున్నాం, మందు సుద్ద ఇంట్లోకి రానివ్వడం లేదు, వీధిలో దోమల పొగ వేసే రోజున కిటికీలు బిగించి చీమల పెట్టెను లోపలి గదికి మారుస్తున్నాం.

వరండాలో మరో శత్రువు ఎదురైంది. పంచదార వాసన పసిగట్టిన చలిచీమలు ఒక తెల్లవారుజామున వరుస కట్టి మూతి దూదిలోకి దూరడం మొదలుపెట్టాయి. ఇంకో గంట ఆలస్యమై ఉంటే లార్వాలను మోసుకుపోయేవి. అమ్మ బెల్లం డబ్బా కింది పళ్ళెం ఉపాయం అప్పుడే గుర్తుకొచ్చింది. చీమల పెట్టెను ఇటుక మీద పెట్టి, ఇటుకను నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టి, చలిచీమలు నీళ్ళ మీద తేలుతూ దాటకుండా రెండు చుక్కల సబ్బునీరు వేశాను. ఆ నీళ్ళు మూడు రోజులకొకసారి మార్చాలి, లేకపోతే దోమలను మనమే పెంచినట్టవుతుంది. పెట్టె అంచున, లోపలి వైపు, టాల్కం పౌడరును సర్జికల్ స్పిరిట్‌లో కలిపి పూస్తే ఆరాక చీమ కాలు జారుతుందని చదివి పూశాను గాని, మా వానల తేమకు అది నెల తిరక్కుండానే ముద్దయి ఊడిపోయింది. పలచగా రాసిన వాజలీనే మాకు పనికొచ్చింది.

ఎండాకాలం గురించి ఒక్క మాట. మే నెలలో పెంకుల వేడికి నాళిక గోడలకు లోపల చెమట పట్టి, గుడ్లు ఆ తడిలో అతుక్కోవడం చూసి, పెట్టెను నేల మీది మంచినీళ్ళ కుండ పక్కకు చేర్చాను. ఆ మూల చల్లదనం వాటికి సరిపోయింది.

రెండో ఏడు చివరికి తల బాగా పెద్దగా ఉన్న బలమైన చీమలు పుట్టాయి, పరీక్షనాళిక ఇరుకైంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను గాజు మూత ఉన్న డబ్బాలో పోసి, గదులు తొలిచి, రెండు వారాలు ఆరనిచ్చి, ఒక పక్క మాత్రం తడిపి నాళికకు గొట్టంతో కలిపాను. పదకొండు రోజులు ఒక్క చీమ కూడా ఆ కొత్తింట్లో కాపురం పెట్టలేదు. ఊది, తట్టి, వేడి చేసి తరమవచ్చని కొందరు చెప్పారు గాని, బల్ల మీది రాణి గుర్తుకొచ్చి ఆ పని చేయలేదు. పాత నాళిక మీది గుడ్డ తీసేసి, కొత్త గూటిని చీకట్లో ఉంచి ఊరుకున్నాను. పన్నెండో రాత్రి, దీపాలు ఆర్పబోతూ ఎర్ర టార్చి వేసి చూస్తే, ఒక్కొక్క చీమ నోట ఒక్కొక్క పట్టుగూడు కరచుకుని గొట్టంలో వరుసగా నడుస్తోంది. పెద్ద తల చీమ ఒకటి రాణి కోరను పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగుతోంది, రాణి రెండడుగులు వేసి ఆగుతోంది, మళ్ళీ అది లాగుతోంది. నేనూ, అమ్మా, అమ్మాయీ ఒంటిగంట దాకా గొట్టం దగ్గరే కూర్చున్నాం. తెల్లవారేసరికి పాత నాళికలో మరక పట్టిన దూది, రెండు పురుగు తలకాయలు మాత్రం మిగిలి ఉన్నాయి.