పెళ్లి పత్రికల నుంచి పుస్తకాల అట్టల దాకా

కావలిలో మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, లామినేషన్లు, అంతే. ఊళ్లో కవి ఒకాయన తన సంపుటికి అట్ట వేసిపెట్టమన్నాక, నేర్చుకుని చేద్దామని ఇద్దరిని పట్టుకున్నా. ఒకరు నెల్లూరులో ఒకప్పుడు సినిమా బ్యానర్లు, షాపు బోర్డులు రాసిన పెద్దాయన. ఇంకొకరు విజయవాడలో పబ్లిషర్లకు అట్టలు చేసే అన్న. ఆయనతో అంతా వాట్సాప్‌లోనే.

పెద్దాయన కంప్యూటర్ ముట్టుకోడు. నా ప్రింటవుట్‌ను గోడకు అంటించి, వీధి గుమ్మం దాకా వెనక్కి నడిచి చూశాడు. "పేరేంది అబ్బయ్యా? నాకు పువ్వులు తప్ప ఏం కనపడలా" అన్నాడు. పెళ్లి పత్రికలో ఖాళీ కనిపిస్తే కస్టమరు ఊరుకోడు కదా, ఆ అలవాటు చేతికి పట్టేసింది. పువ్వులన్నీ తీయించాడు.

తర్వాత టైటిల్ మీద పడ్డాడు. అది రెండు వరుసలు. పై వరుసలో 'న్న' వత్తు, కింది వరుసలో 'కి' గుడి గుద్దుకుంటున్నాయి. నేనైతే వరుసల మధ్య దూరం పెంచి వదిలేసేవాణ్ణి. ఆయన పెన్సిల్‌తో కింది వరుసను కాస్త కుడికి జరిపి గీశాడు. వత్తు వచ్చి రెండు మాటల మధ్య ఖాళీలో కూచుంది. వరుసలు దగ్గరదగ్గరగానే ఉండి, టైటిల్ ఒక్క కట్టుగా నిలబడింది. బాపు వేసిన పాత అట్టలు నాలుగు ముందేసి, "ఇందులో బొమ్మ యాడ ఆగింది, అక్షరం యాడ మొదలైందో చెప్పు" అన్నాడు. ఫాంటు ఏదైతేనేం అనుకునేవాణ్ణి అంతకుముందు.

విజయవాడ అన్నవి ప్రెస్సు పాఠాలు. స్క్రీన్ మీద మెరిసే నీలం సీఎంవైకేలో, అంటే ప్రెస్సు వాడే నాలుగు సిరాల పద్ధతిలో, చప్పబడుతుంది, కాబట్టి మొదట్నుంచీ అందులోనే చేయాలి. బొమ్మ మసకబారకుండా 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), కత్తిరించేటప్పుడు తెల్ల అంచు రాకుండా చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే అదనంగా వదిలే రంగు. ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు విరిగిపోతుంటే టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం వెన్ను, అంటే ముందట్టకీ వెనకట్టకీ మధ్య ఉండే పట్టీ. దాని మందం ఊహించి వేయొద్దన్నాడు. కాగితం 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) బదులు 80 వాడితే వెన్ను మారిపోతుంది, ముందట్ట రంగు పక్కకు పాకుతుంది. అందుకే అదే కాగితంతో, అన్నే పేజీలతో డమ్మీ, అంటే నమూనా పుస్తకం, కట్టించి స్కేలు పెట్టి కొలిచా. ఆన్‌లైన్‌లో అట్ట గోరంతే కనపడుతుంది గనక, ఫోన్‌లో చిన్నది చేసి టైటిల్ చదవగలమా అని కూడా చూసుకోమన్నాడు. పెద్దాయన గుమ్మం దాకా నడిచిందీ ఇందుకేగా!

కవిగారిని ఒప్పించే విద్య మాత్రం ఇద్దరూ నేర్పలా. ముందట్ట మీద తన నిలువెత్తు ఫొటో ఉండాల్సిందేనని పట్టు. చివరికి అది చిన్నదై వెనకట్టకి వెళ్లింది, దాని కింద బార్‌కోడ్‌కి తెల్ల గడి వదిలా. బదులుగా ముందట్ట మీద ఆయన పేరు కాస్త పెద్దది చేస్తే సరేనన్నారు.