చిట్టీ మీద జ్ఞానేశ్వర

గురువారం

పొద్దున మీటింగ్‌లో మేనేజర్ గారు మళ్ళీ అదే మాట ఎత్తారు. "ఎవరి కోడ్ వాళ్ళే టెస్ట్ చేసుకుంటే సరిపోతుంది కదా, ఆటోమేషన్ ఎలాగూ ఉంది." వచ్చే రెండు ప్రాజెక్టులకు విడిగా టెస్టర్ వద్దట. అమీర్‌పేట కోచింగ్ రోజుల నుంచీ ఏదో ఒక రూపంలో వింటున్నదే. అప్పుడు 'కోడింగ్ రాకపోతే టెస్టింగ్‌లో చేరు' అనేవాళ్ళు, ఇప్పుడు ఇది.

ఆయన మాటలో సగం నిజమే. యూనిట్ టెస్టులు, అంటే కోడ్‌లో ఒక్కో చిన్న ముక్కనీ విడిగా పరీక్షించేవి, డెవలపరే రాసుకోవాలి. రిలీజ్‌కి ముందు రోజు నన్ను పిలిచి, ఎక్సెల్ షీట్‌లో ఉన్నవన్నీ నొక్కి 'పాస్' పెట్టమంటే దానికి మనిషి అక్కర్లేదు, తనంతట తనే నొక్కి చూసుకునే ఆటోమేషన్ స్క్రిప్ట్ చాలు. మిగతా సగం దగ్గరే నాకు పేచీ.

మధ్యాహ్నం క్లినిక్ టోకెన్ల యాప్ ముందేసుకుని కూర్చున్నా. పేరు తెలుగులో కొడితే చిట్టీ మీద కూడా తెలుగులోనే రావాలి, ఈ వారమే కొత్తగా పెట్టారు. కోడ్ రాసిన కుర్రాడు 'రవి' అని కొట్టి చూసుకున్నాడు. ఆటోమేషన్ స్క్రిప్ట్‌లోనూ రవే. రోజూ రాత్రి రవి వస్తాడు, టోకెన్ తీసుకుంటాడు, రిపోర్ట్ అంతా పచ్చగా వస్తుంది. నేను 'జ్ఞానేశ్వరి' అని కొట్టా. స్క్రీన్ మీద బాగానే ఉంది. ప్రింట్ తీస్తే 'జ్ఞానేశ్వర'. ఆవిడ కాస్తా ఆయన అయిపోయింది!

"నాలుగు అక్షరాలే కదక్కా, పది దాకా పడతాయి" అన్నాడు వాడు. మన కంటికి నాలుగే. కంప్యూటర్ మాత్రం హల్లునీ పొల్లునీ గుణింతం గుర్తునీ దేనికది లెక్కేస్తుంది. జ్ఞా ఒక్కటే నాలుగు, పేరు మొత్తం 11. పదకొండోది చివరి గుడి, అది ఎగిరిపోయింది. వేళ్ళ మీద లెక్కపెట్టి చూపిస్తే నవ్వేశాడు. "అయినా ఈ పేరే ఎందుకు కొట్టావక్కా?"

2018 ఫిబ్రవరి గుర్తుండి. జ్ఞకీ దీర్ఘానికీ మధ్య కనపడని గుర్తొకటి చేరిన 'జ్ఞా' మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. ఆ నెల 19న ఆపిల్ అప్‌డేట్ ఇచ్చేదాకా ఇదే గోల. అప్పటినుంచీ తెలుగు రాసే పెట్టె కనిపిస్తే నా చెయ్యి ముందు జ్ఞ మీదకే పోతుంది.

మా కుర్రాడు మంచి పనిమంతుడు. కానీ కాకి పిల్ల కాకికి ముద్దు. తను రాసింది పనిచేస్తుందని చూసుకుని లేచిపోతాడు. అదెక్కడ చెడుతుందా అని వెతకడానికి దాని మీద ఏ మమకారమూ లేని మనిషి కావాలి.

ఆటోమేషన్ సంగతంటారా, 2024 జూలై 19న శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కంప్యూటర్లకి రక్షణ సాఫ్ట్‌వేర్ చేసే క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ వాళ్ళ అప్‌డేట్ ఒకటి దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. కారణం వాళ్ళే తర్వాత బయటపెట్టారు. ఒక చోట 21 విలువలు కావాలని ఉంది, కోడ్ ఇచ్చేది 20. టెస్టులు లేక కాదు. వాటిల్లో 21వ చోట 'ఏదైనా ఫర్వాలేదు' అనే గుర్తు పెట్టుకోవడంతో ఆ తేడా దొరకలేదు. వాళ్ళకీ ఒక రవి ఉన్నాడన్నమాట.

జ్ఞానేశ్వరి బగ్ రాసి పెడితే మా కుర్రాడు దాని తీవ్రతని 'లో' (తక్కువ) అని మార్చాడు, చిట్టీయే కదా అని. చిట్టీ మీద ఒక పేరు, రిపోర్టు మీద ఒక పేరు ఉంటే కౌంటర్ దగ్గర ఏ ముసలావిడో అడిగితే ఎవరు సమాధానం చెప్తారని మళ్ళీ 'హై' చేశా. సాయంత్రం మేనేజర్ గారు చిట్టీ అటూ ఇటూ తిప్పి చూసి, "రిలీజ్ సోమవారానికి జరుపుదామా?" అన్నారు. కొత్త ప్రాజెక్టుల సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

రేపు ఒకే ఫోన్ నంబర్ మీద అత్తకీ కోడలికీ ఇద్దరు పిల్లలకీ టోకెన్లు తీసి చూడాలి. మా ఇంట్లో అయితే అలాగే తీస్తాం మరి.